మా మెదక్ ఎంపీ, మౌలాలి ఇంధనం, అమ్మమ్మ పొయ్యి

కిందటేడాది ఒక కాలేజీ వాళ్లు వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. అంశం ‘అణ్వస్త్ర వ్యాప్తి పట్ల భారత విదేశాంగ విధానం, పునరుత్పాదక ఇంధనాల భవిష్యత్తు’. ఇంత పొడుగు అంశాన్ని ఒక్కరే మోయలేరని నిర్వాహకులు దాన్ని రెండు ముక్కలు చేశారు. మొదటి ముక్క మీద మాట్లాడిన వాళ్లంతా అబ్బాయిలు. రెండో ముక్క మీద మాట్లాడిన వాళ్లంతా అమ్మాయిలు. ఇలా ఎవరు పంచారని అడిగితే, ఎవరూ పంచలేదు మేడం, అలా కుదిరింది అన్నారు. అబ్బాయిలు అమెరికా, చైనా, పాకిస్తాన్, క్షిపణులు, ఆత్మగౌరవం అన్నారు. బల్ల గుద్దారు. అమ్మాయిలు సూర్యుడు, గాలి, భూమాత, రాబోయే తరాలు అన్నారు. చేతులు కట్టుకుని మాట్లాడారు. మొదటి బహుమతి విదేశాంగానికే వెళ్లింది. మార్కులు వేసిన ముగ్గురిలో నేనూ ఒకదాన్ని కాబట్టి ఈ ఫిర్యాదులో నా వాటా నాకుంది.

ఇంటికి వస్తుంటే బస్సులో ఒక సంగతి తట్టింది. ఈ రెండు ముక్కలూ ఒకప్పుడు ఒకే మనిషి బల్ల మీద ఉండేవి. ఆ మనిషి ఆడమనిషి. పైగా ఈ ప్రాంతం నుంచే పార్లమెంటుకు వెళ్లింది. పోటీలో మాట్లాడిన పధ్నాలుగు మందిలో ఒక్కరూ ఆ పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నేనుండేది సుల్తాన్‌పూర్‌లో. మా జిల్లాలో రెండు సుల్తాన్‌పూర్‌లున్నాయి. జోగిపేట వైపు, జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నది ఒకటి. మాది అమీన్‌పూర్ మండలంలోది. ఔటర్ రింగు రోడ్డు దిగుతూనే, 2017లో పునాది వేసిన వైద్య పరికరాల పార్కు కనిపిస్తుంది. స్టెంట్లూ సిరంజిలూ అక్కడ తయారవుతాయి, మా వీధి ఆడపిల్లలు యూనిఫాం వేసుకుని షిఫ్టులకు వెళ్తారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఇక్కడికి కూతవేటు దూరం. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి అణువుతో ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. చెప్తాను.

1977లో దేశమంతా ఇందిరాగాంధీని ఓడించినా ఆంధ్రప్రదేశ్ ఆమె పార్టీకి 42 సీట్లలో 41 ఇచ్చింది. ఎమర్జెన్సీలో ఇక్కడి జైళ్లు నిండినా, ఎన్‌కౌంటర్లు జరిగినా అంతే. ఆ లెక్క ఆమెకు బాగా గుర్తుండి ఉంటుంది. 1980 జనవరిలో రాయబరేలీతోపాటు మెదక్‌లో కూడా నిలబడింది. జనతా తరఫున ఎస్. జైపాల్‌రెడ్డి పోటీ. రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో గెలిచింది. రెండు చోట్లా గెలిచి, రాయబరేలీని వదులుకుని మెదక్‌ను ఉంచుకుంది. అప్పటి నుంచి 1984 అక్టోబర్ 31న హత్యకు గురయ్యే దాకా ప్రధానమంత్రి మా ఎంపీ. అణుశక్తి శాఖ మన దేశంలో ఆనవాయితీగా ప్రధాని చేతిలోనే ఉంటుంది. అంటే అణుశక్తి మంత్రి కూడా మా ఎంపీయే.

మా అమ్మమ్మ ఆ ఎన్నికల్లో ఓటేసింది. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి అడిగాను, ఎందుకేశావని. “ఆడామె గదా బిడ్డా. ఆడామెకు ఆడామె కష్టం ఎరుకైతదనుకున్న” అంది. ఏం కష్టం అంటే చేతులు చూపించింది. సర్కారు తుమ్మ ముళ్ల గీతలు. వంటచెరుకు కోసం పొద్దున్నే పోయి ఎండెక్కేసరికి మోపుతో తిరిగి రావడం ఆమె సగం జీవితం. కోతలయ్యాక కందికట్టె, ఆ తర్వాత పిడకలు, ఏదీ దొరక్కపోతే తుమ్మ. విదేశాంగ విధానం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆమె ఓటు వేసిన మనిషి ఆ ఏడాదే వాషింగ్టన్‌తో ఒక ఇంధనం గురించి తగువు పడుతోంది. ఆ ఇంధనం కట్టెలు కాదు, యురేనియం.

ఆ తగువును మొదటినుంచీ చెప్పాలి. ఎందుకంటే అది హైదరాబాద్ కథ కూడా.

తారాపూర్ అణువిద్యుత్ కేంద్రానికి ముప్పయ్యేళ్ల పాటు శుద్ధి చేసిన యురేనియం ఇస్తామని అమెరికా 1963లో ఒప్పందం చేసుకుంది. కేంద్రం 1969లో మొదలైంది. అయితే అమెరికా నుంచి వచ్చిన యురేనియం నేరుగా తారాపూర్ వెళ్లదు. అది హెక్సాఫ్లోరైడ్ రూపంలో వస్తుంది. దాన్ని ఆక్సైడ్ చేసి, చిన్న చిన్న బిళ్లలుగా నొక్కి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో నింపి, కట్టలు కట్టాలి. ఆ పని చేసేది హైదరాబాద్ మౌలాలి దగ్గర 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. పక్కనే అయ్యగారి సాంబశివరావు నిలబెట్టిన ఈసీఐఎల్, 1967 నాటిది. ఇవాళ ఏఎస్ రావు నగర్ అంటే మనకు హోటళ్లూ చీరల షాపులూ గుర్తొస్తాయి గానీ, ఆ కాలనీ పేరు వెనక ఉన్నది అణు రియాక్టర్ల ఎలక్ట్రానిక్స్.

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం 1968లో సంతకాలకు వచ్చింది. 1967 జనవరి ఒకటికి ముందు బాంబు పేల్చిన ఐదు దేశాలకు బాంబు ఉండొచ్చు, మిగతా ఎవరికీ ఉండకూడదు, ఆ మిగతావాళ్ల రియాక్టర్లను తనిఖీ చేస్తారు, ఐదుగురివి చేయరు. భారతదేశం సంతకం చేయలేదు. అప్పుడు ప్రధాని ఇందిర. ఈ తిరస్కారాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. తాను చేయని పనిని ఎదుటివాళ్లకు నియమంగా పెట్టడం ఎలా ఉంటుందో ఆడవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంట్లో రెండు ధర్మాలు చూస్తూ పెరిగిన మనకు ఈ ఒప్పందం అన్యాయం ఇట్టే అర్థమవుతుంది. నా పేచీ ఆ ‘కాదు’తో కాదు. ఆ ‘కాదు’ తర్వాత ఏం జరిగిందన్న దాంతో.

1974 మే 18న రాజస్థాన్ ఎడారిలో పోఖ్రాన్ దగ్గర భారతదేశం భూమి లోపల అణుపరికరం పేల్చింది. కెనడా ఇచ్చిన రియాక్టర్‌లో, అమెరికా ఇచ్చిన భారజలంతో తయారైన ప్లుటోనియం అది. ఇద్దరూ శాంతియుత అవసరాలకని ఇచ్చారు. మనవాళ్లూ దాన్ని ‘శాంతియుత అణు విస్ఫోటనం’ అనే అన్నారు. మంత్రివర్గంలో చర్చ లేదు. ప్రధానికి దగ్గరగా ఉన్న గుప్పెడు మందికే తెలుసు.

ఆ ఏడాదిని ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాల ఆంక్షలతో చమురు ధర నాలుగింతలైంది. 1974 మార్చిలో గఢ్వాల్ కొండల్లోని రేణీ గ్రామంలో గౌరాదేవి, ఆమె తోటి ఆడవాళ్లు చెట్లను కౌగిలించుకుని కాంట్రాక్టర్ల గొడ్డళ్లను ఆపారు. మే 8న రైల్వే కార్మికుల సమ్మె మొదలైంది, దాన్ని అణిచే పనిలో వేలమందిని జైల్లో పెట్టారు. పోఖ్రాన్ పేలుడు ఆ సమ్మె మధ్యలోనే. (సమ్మెకు నాయకుడైన జార్జి ఫెర్నాండెజ్ 1998లో రెండో పోఖ్రాన్‌కు రక్షణమంత్రి అయ్యాడు. చరిత్రకు ఇలాంటి వేళాకోళాలు ఎక్కువ.) ఇక్కడ హైదరాబాద్‌లో ఆ సంవత్సరమే ప్రగతిశీల మహిళా సంఘం పుట్టింది, విద్యార్థినులు వరకట్నం మీద, అశ్లీల పోస్టర్ల మీద ఊరేగింపులు తీశారు. ఏడాది చివర్లో స్త్రీల స్థితిగతుల మీద జాతీయ కమిటీ నివేదిక వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆడవాళ్ల పరిస్థితి మెరుగుపడలేదు సరికదా చాలాచోట్ల దిగజారిందని అది చెప్పింది. మన ఉద్యమ చరిత్రలు రాసేటప్పుడు రేణీని రాస్తాం, కమిటీ నివేదికను రాస్తాం, ప్రగతిశీల మహిళా సంఘాన్ని రాస్తాం. పోఖ్రాన్‌ను రాయం. అది వేరే అధ్యాయం అనుకుంటాం. నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథంలో డెబ్బైల దశకం మీద నలభై పేజీలున్నాయి. అణువు అన్న మాట అందులో ఎక్కడా లేదు. నిన్న మళ్లీ వెతికి చూశాను.

పేలుడు తర్వాత కెనడా సహకారం ఆపేసింది. అణు సామగ్రి అమ్మే దేశాలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి, భారతదేశాన్ని కట్టడి చేయడమే దాని మొదటి పని. 1978లో అమెరికా తన చట్టాన్ని బిగించింది, తనిఖీలకు పూర్తిగా ఒప్పుకోని దేశానికి ఇంధనం ఇవ్వకూడదని. 1980లో, అంటే మా అమ్మమ్మ ఓటేసిన ఏడాది, తారాపూర్‌కు 38 టన్నుల యురేనియం పంపాలా వద్దా అన్నది వాషింగ్టన్‌లో పెద్ద రగడ. ప్రతినిధుల సభ వద్దంది. సెప్టెంబర్‌లో సెనేట్ 48-46 తో సరేనంది. రెండు ఓట్లు! మౌలాలి యంత్రాల ముందు నిలబడ్డ కార్మికుడికి రేపు పని ఉంటుందా లేదా అన్నది ఆ రెండు ఓట్ల మీద ఆధారపడి ఉంది. చివరికి 1982లో ఇందిర వాషింగ్టన్ వెళ్లినప్పుడు మధ్యేమార్గం కుదిరింది. అమెరికా తప్పుకుంటుంది, ఫ్రాన్స్ ఇస్తుంది. ఈ వ్యవహారమంతా నడిపిన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. ‘వేయిపడగలు’ను హిందీలోకి అనువదించిన మనిషి కాబట్టి సాహిత్య విద్యార్థులకు ఆయన మరోలా తెలుసు. ప్రధాని అయ్యాక 1995 చివర్లో ఆయన కూడా పరీక్షకు సిద్ధపడ్డాడు, అమెరికా ఉపగ్రహాలు కనిపెట్టాయి, ఆగిపోయాడు.

ఇక మాటల సంగతి. ఇది నా చదువుకు దగ్గరి విషయం కనుక కాస్త ఆగుతాను.

కేరల్ కోన్ అనే అమెరికన్ స్త్రీవాద పరిశోధకురాలు 1987లో ‘సైన్స్’ అనే పత్రికలో (విజ్ఞానశాస్త్రం కాదు, సంకేతాలు అన్న అర్థంలో ‘సైన్స్’) ఒక వ్యాసం రాసింది. అణుయుద్ధ వ్యూహకర్తల మధ్య కొన్నాళ్లుండి, వాళ్ల భాషను విన్నది. ఆ భాష అంతా మగతనం చుట్టూ తిరుగుతుంది. అందులో మన దేశం కూడా ఉంది. 1974 పేలుడుతో భారతదేశం ‘కన్యాత్వం కోల్పోయింది’ అని వాళ్లు మాట్లాడుకునేవాళ్లట. ఇక అమెరికా ఆమెను వదిలెయ్యాలా, ఉంచుకోవాలా అన్నదే వాళ్ల విదేశాంగ ప్రశ్న. ఈ భాగం మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం కన్నా ముందు గుర్తుపట్టిన భావన కలిగింది. ఊళ్లో ఆడపిల్ల గురించి రచ్చబండ మీద మాట్లాడేదీ ఇంతేగా.

కానీ మనవాళ్ల భాష తక్కువేం తినలేదు. మొదటి పేలుడుకు ‘నవ్వే బుద్ధుడు’ అన్న పేరు స్థిరపడింది. 1998 మే 11, 13 తేదీల్లో చేసిన పరీక్షలకు ‘శక్తి’ అన్నారు. బాంబుకు ఆడ దేవత పేరు. ఆ వారంలోనే బాల్ ఠాక్రే, మనం హిజ్రాలం కాదని నిరూపించుకోవాల్సి వచ్చింది అన్నాడు. ఒకే పేలుడుకి దేవతా, మగతనమూ రెండూ కావలసి వచ్చాయి. ఆనాడు అరుంధతీ రాయ్ రాసిన వ్యాసం మనలో చాలామందికి తెలుసు. హిజ్రాల పట్ల ఠాక్రే మాటలో ఉన్న హింసను మాత్రం అప్పట్లో మనం కూడా పెద్దగా పట్టించుకోలేదు. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు 1962 నాటి అణుశక్తి చట్టాన్ని తీసేసి, ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచే కొత్త చట్టం చేసింది. దాని పొడుగు పేరులోని అక్షరాలు కూడితే ‘శాంతి’ అని వచ్చేలా పెట్టారు. బుద్ధుడు, శక్తి, శాంతి. యాభై ఏళ్ల అణు నిఘంటువులో ఈ మూడూ చాలు, ఇంకో సిద్ధాంత గ్రంథం రాయొచ్చు.

స్త్రీవాదులుగా మనకు ఇబ్బంది పెట్టే విషయం ఇంకోటుంది. ఆ భాష మగదే, కానీ ఈ చరిత్రలో గట్టిగా ‘కాదు’ అన్న గొంతుల్లో ముఖ్యమైనవి ఆడవాళ్లవి. 1996లో జెనీవాలో సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం దగ్గర భారతదేశం తరఫున, ఇప్పుడూ కాదు తర్వాతా కాదు అని చెప్పి నిలబడ్డ రాయబారి అరుంధతీ ఘోష్. గదినిండా మగవాళ్లు, ఒక్క చీర. ఆ ఫొటోలు చూస్తే నాకు ఇప్పటికీ ఒక గర్వం కలుగుతుంది, వెంటనే ఆ గర్వం మీద అనుమానం కలుగుతుంది. రెండూ నిజమే. అధికారంలో ఆడవాళ్లు ఉంటే శాంతి వస్తుందన్నది మనం కూడా అప్పుడప్పుడూ చెప్పుకునే కథ. మెదక్ ఓటరుగా నాకు ఆ కథ చెప్పుకునే వీల్లేదు.

ఇప్పుడు రెండో ముక్కకు వస్తాను, అమ్మాయిలకు వచ్చిన ముక్కకు.

1981 మార్చిలో ఇందిర ప్రభుత్వం అదనపు ఇంధన వనరుల కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ఆ ఆగస్టులో నైరోబీలో ఐక్యరాజ్యసమితి కొత్త, పునరుత్పాదక ఇంధన వనరుల మహాసభ పెట్టింది, అక్కడికి వెళ్లి మాట్లాడిన ప్రభుత్వాధినేతల్లో ఇందిర ఒకరు. 1982లో కమిషన్ ఒక శాఖగా మారింది. 1992లో అది పూర్తి మంత్రిత్వ శాఖ అయింది, దీనికంటూ ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టిన మొదటి దేశం మనదే. కాబట్టి సౌరవిద్యుత్ నిన్న మొన్నటి ఫ్యాషన్ కాదు. దానికి నలభై అయిదేళ్ల సర్కారీ చరిత్ర ఉంది. ఆ చరిత్ర మొదలైన రోజుల్లో ఆ ఫైళ్ల మీద సంతకం మెదక్ ఎంపీది.

ఆ శాఖకు పెట్టిన పేరు చూడండి: ‘సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖ’. మన రాష్ట్రంలో నెడ్‌క్యాప్ పేరులోనూ అదే మాట. సంప్రదాయేతరమైనవి ఏవి? ఎండ, గాలి, పేడ, కట్టె. మా అమ్మమ్మ వడియాలు ఎండబెట్టిన ఎండ, తూర్పారబట్టిన గాలి, పిడకలు కొట్టిన పేడ. సంప్రదాయం ఎవరిది? బొగ్గుదీ డీజిల్‌దీ. వేల ఏళ్లుగా ఆడవాళ్లు వాడుతున్నవి సంప్రదాయం కాకుండా పోయాయి, నిన్న వచ్చినవి సంప్రదాయమయ్యాయి. లెక్కలోకి రాని పని లాగే ఇది లెక్కలోకి రాని ఇంధనం. 2006లో పేరు మార్చారనుకోండి.

అసలు ఆ రోజుల్లో ఇంధన సంక్షోభం అంటే చమురే అనుకుంటున్న ప్రపంచానికి ఎరిక్ ఎక్‌హోమ్ 1975లో ఇంకో ఇంధన సంక్షోభం ఉందని రాశాడు, అది వంటచెరుకు. కర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త అణువిద్యుత్ ప్రమాదాల అంచనాలతో పరిశోధన మొదలుపెట్టి, ఎనభైల మొదట్లో గుజరాత్ పల్లెల వంటిళ్లలోకి వెళ్లాడు. పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు పీల్చే పొగను కొలిచాడు. రియాక్టర్ చుట్టూ మిల్లీగ్రాముల్లో లెక్కలు వేసే ప్రపంచం, వంటింట్లో దట్టంగా కమ్మిన పొగను ఒక్కసారీ కొలవలేదని అప్పుడు బయటపడింది. ఆ తర్వాత జీవితమంతా ఆయన ఆ పొగ మీదే పనిచేశాడు.

1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలైంది, 2002 వరకు నడిచింది. మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచారు. మా అమ్మమ్మకూ ఒకటి వచ్చింది, పొగగొట్టం ఉన్నది. ఆమె దాన్ని ఏడాది వాడి, ధాన్యం గాబు కింద ఎత్తుగా పెట్టుకుంది. ఎందుకంటే అందులో కట్టె చిన్న ముక్కలుగా నరికి పెట్టాలి. నరకడం ఎవరి పని? ఆమెదే. పెద్ద గుండిగ దాని మీద కూర్చోదు. జొన్నరొట్టె కాల్చే పెంకకు మంట అన్ని వైపులా అందదు. గొట్టంలో మసి పట్టుకుంటే ఇంటి పైకెక్కి తీయాలి, ఆడమనిషి ఇల్లెక్కితే ఊరు నవ్వుతుంది. దాన్ని తయారుచేసిన వాళ్లలో ఒక్కరైనా జొన్నరొట్టె కాల్చి ఉంటే ఇవన్నీ ముందే తెలిసేవి. దేశమంతటా ఆ కార్యక్రమం మీద వచ్చిన విమర్శ కూడా ఇంచుమించు ఇదే.

బాంబుకు ఉన్న గోప్యత, డబ్బు, దేశంలోకెల్లా తెలివైన బుర్రలు, ప్రధాని స్వయంగా అడిగే ఫోన్లు, ఇవేవీ పొయ్యికి లేవు. ఒకే బల్ల మీద రెండు ఫైళ్లున్నాయన్నాను. ఒకటి పైన ఉండేది, ఒకటి కింద. నా ఫిర్యాదు అది. తర్వాత 1999లో ‘దీపం’ కింద గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి, 2016లో ‘ఉజ్వల’ వచ్చింది. సిలిండర్ నింపించడానికి డబ్బు లేని నెలల్లో మా ఊళ్లో ఇప్పటికీ కట్టె వెలుగుతుంది.

మరి ఓటేసినందుకు మాకేమొచ్చింది? చాలా వచ్చింది. 1984 మే 22న ఇందిర మరో ఐదుగురు దేశాధినేతలతో కలిసి, అల్ఫోన్సిన్, దె లా మాద్రిద్, న్యెరేరే, పామె, పాపాండ్రూలతో, అణ్వాయుధాలను ఆపండని ప్రపంచానికి పిలుపునిచ్చింది. రెండు నెలలు తిరక్కుండా జూలైలో మా సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. అక్కడ సైనికుల యుద్ధ శకటాలు తయారవుతాయి. వాటికి ‘శరత్’ అని ఎంత మెత్తటి పేరో. భానూరులో భారత్ డైనమిక్స్ క్షిపణులు చేస్తుంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ అంతకు ముందే ఉంది. డెబ్బైల మధ్య నుంచి పటాన్‌చెరు, బొల్లారంలలో మందుల ఫ్యాక్టరీలు వరస కట్టాయి. ఉద్యోగాలు వచ్చాయి, అబద్ధం చెప్పను. మా నాన్న ఉద్యోగం అలా వచ్చిందే, నేను చదువుకున్నది ఆ జీతంతోనే. నీళ్లు పోయాయి. ఇసుకవాగు, నక్కవాగు రంగులు మారి మంజీరలో కలిశాయి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే, లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది, మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ కర్మాగారం పేలి యాభై మందికి పైగా కార్మికులు చచ్చిపోయారు. మా కిటికీ అద్దం ఆ రోజు కదిలిందని మా పక్కింటి ఆవిడ అంటుంది. ప్రమాదం అన్నమాట విదేశాంగ నిపుణులు వాడినప్పుడు ఒక అర్థం, ఇక్కడ ఇంకో అర్థం.

తొంభైల తర్వాత కథ మీకు తెలిసిందే, త్వరగా చెప్తాను. బాంబు పేల్చినందుకు బయట ఇంధనం దొరక్కపోతే సొంత నేలలో తవ్వాలి. ఆ నేల ఎక్కువగా తెలుగు నేలే. 2003లో నల్లగొండ జిల్లా పెద్దగట్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు, జనం ఎదురుతిరిగారు, నాగార్జునసాగర్ పక్కనే కదా. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2006లో సేకరించారు, అక్కడ మాత్రం గని వచ్చింది, 2012లో మిల్లు మొదలైంది. వ్యర్థాల చెరువు పక్క ఊళ్ల వాళ్లు బోరు నీళ్లు పాడయ్యాయనీ అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2019లో నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం కోసం బోర్లు వేస్తామంటే చెంచులు అడ్డం పడ్డారు, సినిమావాళ్లతో సహా రాష్ట్రమంతా కదిలింది, సెప్టెంబర్ 16న శాసనసభ వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఇక 2005 నుంచి 2008 దాకా సాగిన అమెరికా ఒప్పందం. బయటి నుంచి ఇంధనం వచ్చే దారి తెరుచుకుంది, దానికి బదులుగా అమెరికా రియాక్టర్లు కొంటామన్నాం. అవి పెట్టే చోటు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ. వెస్టింగ్‌హౌస్ వాళ్లవి ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1208 మెగావాట్లు. మధ్యలో ఆ కంపెనీయే దివాలా తీసి, చేతులు మారింది. రియాక్టర్ రాలేదు, మత్స్యకారుల ఊళ్లకు మాత్రం ఖాళీ చేయాలన్న నోటీసులు వచ్చాయి. ఒకే విదేశాంగ విధానపు ‘కాదు’ పెద్దగట్టుకు వచ్చింది, ‘అవును’ కొవ్వాడకు వచ్చింది. రెండింట్లోనూ ఊరి వాళ్లను అడిగింది ఆఖర్న.

మరి సూర్యుడు? 2025 మొదట్లో దేశంలో సౌరవిద్యుత్ సామర్థ్యం 100 గిగావాట్లు దాటింది. అణువిద్యుత్ యాభై ఏళ్లకు పైగా తంటాలు పడి అప్పటికి తొమ్మిది గిగావాట్ల లోపే ఉంది. దాన్నీ 2047 నాటికి 100 చేస్తామని 2025 బడ్జెట్లో చెప్పారు. కింద ఉన్న ఫైలు పైకి వచ్చినట్టే. అయితే సంబరపడే ముందు నేలకేసి చూడాలి. అనంతపురం ఎన్.పి. కుంటలో, కర్నూలు జిల్లా గనిలో, శకునాలలో వేల ఎకరాల సోలార్ పార్కులు వచ్చాయి. ఆ భూముల్లో అసైన్డ్ పట్టాలున్నాయి, అసలు కాగితమే లేకుండా సాగు చేసుకున్నవీ ఉన్నాయి. కాగితం ఉన్నవాళ్లకు పరిహారం. కాగితం మీద ఆడవాళ్ల పేర్లు ఎన్ని? గొర్రెలు మేపుకునే, కంప కొట్టుకునే బీడు పోతే ఏ రిజిస్టర్లో రాస్తారు? అణువు చేసిన పనే పలక చేస్తే, పలక శాంతియుతం అని నేను ఒప్పుకోను. కానీ పలక పక్కన నిలబడి ప్రశ్న అడగొచ్చు, ఫైలు తెప్పించుకోవచ్చు. 1962 చట్టం పద్దెనిమిదో సెక్షన్ కింద అణుశక్తి గురించి సమాచారం బయటపెట్టడమే నేరం కాగలిగేది. నాకు ఈ తేడా చిన్నది కాదు.

మా ఇంటి నుంచి ఔటర్ రింగు రోడ్డు మీద కొల్లూరు వైపు వెళ్తే సోలార్ పలకల కప్పు కింద సైకిల్ దారి కనిపిస్తుంది. 23 కిలోమీటర్లు, 16 మెగావాట్లు, 2023లో తెరిచారు. ఎండ తగలకుండా సైకిల్ తొక్కొచ్చు. ఆదివారం పొద్దున్నే హెల్మెట్లు పెట్టుకున్న వాళ్లు వెళ్తుంటారు. కిందటి ఎండాకాలం ఆ కప్పు నీడలో ఒకామె మోపు దించుకుని కూర్చుని ఉంది. సర్కారు తుమ్మ కట్టెలు.

పోటీ అయ్యాక ఒకమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గాలిమరల గురించి మాట్లాడిన పిల్ల. వాళ్లమ్మ వైద్య పరికరాల పార్కులో షిఫ్టు చేస్తుంది. “మేడం, మీరు చివర్లో తారాపూర్ ఇంధనం మౌలాలిలో తయారవుతదన్నరు. నిజమా? మాకు ఎవ్వరూ చెప్పలే” అంది. నిజమే అన్నాను. చూడొచ్చా అంది. లోపలికి రానివ్వరు గానీ గోడ దాకా వెళ్లొచ్చన్నాను. అయితే ఒక ఆదివారం పోదామంది. ఇంకో ఇద్దరమ్మాయిలు వస్తామన్నారు. ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర బస్సు దిగి, మౌలాలి దారిన ఆ గోడ వెంట నడిచాం. గోడ చాలా పొడుగు. నడిచినంతసేపూ ఆ పిల్ల అరుంధతీ ఘోష్ గురించే అడిగింది, ఆమె ఏం చదివింది, పరీక్షకి ఎన్నిసార్లు రాసింది, పెళ్లి చేసుకుందా, జెనీవాలో ఆమె పక్కన ఎవరైనా కూర్చున్నారా అని. కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు. ఈసారి పోటీలో మొదటి ముక్కకు తన పేరు ఇస్తానంది. రెండో ముక్క మాట్లాడమని వాళ్ల తమ్ముణ్ని అడిగిందట. వాడింకా ఒప్పుకోలేదు.